పూలమడిలో తుంగ: గడ్డి మందు కొట్టాలా, తవ్వి తీయాలా?

వడ్డేపల్లి_వాకిలి: హన్మకొండలో మా ఇంటి ముందు రెండు పూలమడులు ఉన్నాయి. నిరుడు ఒక ట్రాక్టరు ఎర్రమట్టి పోయించాం, దాంతోపాటే తుంగ వచ్చింది. ఈసారి మొదటి వాన పడ్డ వారానికే చామంతి కనబడకుండా కమ్మేసింది. నాలుగుసార్లు పీకించాం. పది రోజులకు మళ్లీ అంతే. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడదామనుకుంటున్నా, కానీ మధ్యలో గులాబీలు ఉన్నాయి. కొట్టినవాళ్లు చెప్పండి. బతుకమ్మ నాటికి బంతి, చామంతి పూయాలి.

కాజీపేట_చామంతి: కొట్టొద్దు తమ్ముడూ. తుంగను పీకితే పోదు, తవ్వి తీయాలి. ఆకు పట్టి లాగితే పైది తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఒక గడ్డ నుంచి సన్నటి వేరు పోయి ఇంకో గడ్డ కడుతుంది, దాని నుంచి మరొకటి, గొలుసులాగా. ఆ గొలుసు తెగితే నిద్రలో ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. జానెడు లోతు తవ్వి గడ్డలు చేత్తో ఏరాలి. ఎండాకాలంలో తవ్వి రోహిణి ఎండకు ఆరేస్తే పైకి వచ్చిన గడ్డలు ఎండి చస్తాయి. మా మడి రెండేళ్లలో శుభ్రమైంది.

పరకాల_మందులషాపు: జానెడు చాలదు మేడం. అంతకంటే లోతున కూడా గడ్డలుంటాయి. గ్లైఫోసేట్ ఆకు నుంచి గడ్డకు దిగుతుంది. ఆకు పచ్చగా, ఏపుగా ఉన్నప్పుడు కొట్టాలి, కొట్టాక పది రోజులు పీకొద్దు. ఒక్కసారితో పోదు, మళ్లీ మొలిచినప్పుడు మళ్లీ కొట్టాలి.

ములుగు_మొగ్గ: గునుగు మొలకలుంటే మాత్రం తీయకండి. చేన్లో కలుపే, బతుకమ్మకు పువ్వే.

కాజీపేట_చామంతి: ఎక్కువ గడ్డలు పై అర అడుగులోనే ఉంటాయి. నేను చేత్తో ఏరి చూసి చెబుతున్నా.

పరకాల_మందులషాపు: ఎక్కువ అంటే అన్నీ కాదు కదా. మిగిలిన రెండు గడ్డలు చాలు, మడి మళ్లీ నిండుతుంది.

కాజీపేట_చామంతి: అందుకే రెండేళ్లు పట్టిందన్నాను! జానెడు లోతు తవ్వండి, వారానికోసారి మొలకలు తీయండి. ఆకు పెరగనివ్వకపోతే గడ్డకు బలం చాలదు.

కరీంనగర్_టెర్రస్: 2022 అక్టోబరులో గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్లలో కొట్టమని ఎట్లా చెబుతున్నారు?

పరకాల_మందులషాపు: తుంగకు ఏది పనిచేస్తుందని అడిగారు, చెప్పాను.

జనగామ_గోడ: మా పూలమడిలో వయ్యారిభామ వచ్చింది. దానికీ ఇదేనా?

కాజీపేట_చామంతి: దానికి గడ్డలుండవు, గింజతోనే వస్తుంది. పూత రాకముందే నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకండి. గ్లౌజులు తప్పనిసరి, ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

వడ్డేపల్లి_వాకిలి: అక్కా, వారానికోసారి తీయండి అని తేలిగ్గా అంటున్నారు. తీసేది ఎవరు? నేను పొద్దున ఏడింటికి పోతే రాత్రి వస్తాను. మా అమ్మకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. వద్దన్నా పీట వేసుకుని కూర్చుంటుంది. మొన్న లేవలేక గేటు పట్టుకుని నిలబడింది. నాకు తుంగతో కాదు టెన్షన్, ఆమెతో. అందుకే మందు.

కాజీపేట_చామంతి: నాకూ ఉద్యోగం ఉంది, నేనే తవ్వుతాను. అమ్మను కూర్చోబెట్టకండి, వారానికి అరగంట మీరు కూర్చోండి. మందు అంటే నాకెందుకు కోపమో కూడా వినండి. మా పక్కింటాయన గోడ అవతల గాలిలో గడ్డి మందు కొట్టాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు. పద్నాలుగు గులాబీ మొక్కలు, మా అత్తమ్మ పెట్టినవి. తర్వాత చిగుళ్లు దారాల్లా సన్నగా గుత్తులుగా వచ్చాయి. తెగులనుకుని ఏడాదంతా ఏవేవో కొట్టాను. ఒక్కటీ దక్కలేదు.

కరీంనగర్_టెర్రస్: గ్లైఫోసేట్ తగిలిన గులాబీకి చిగురు అచ్చం అట్లాగే వస్తుంది.

పరకాల_మందులషాపు: అది మందు తప్పు కాదు. గాలిలేని పొద్దున, మందు పక్కకు చెదరకుండా నాజిల్‌కు హుడ్ పెట్టి కొట్టాల్సింది.

కాజీపేట_చామంతి: తప్పు ఎవరిదన్నది కాదు నేను అడిగేది. గోడ అవతలివాళ్లకు చెప్పకుండా కొట్టే హక్కు ఎవరిచ్చారు? వడ్డేపల్లి తమ్ముడూ, మీ పక్కింట్లో చెప్పారా?

వడ్డేపల్లి_వాకిలి: చెప్పలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. వాళ్ల మల్లెతీగ మా గోడ మీదికే పాకింది. ఈ సాయంత్రం పోయి చెబుతాను. స్ప్రే మానేస్తా, గులాబీలకు దూరంగా ఉన్న తుంగ ఆకులకు బ్రష్‌తో పూస్తా. దగ్గర ఉన్నది ఆదివారం నేనే తవ్వుతా.

కాజీపేట_చామంతి: చెప్పి పూసినా నేను ఒప్పుకోను. కానీ పోయి చెప్పండి.

ములుగు_మొగ్గ: ఆ ఎర్రమట్టి ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కున్నారా? మాదీ ట్రాక్టరు మట్టే.