రాజ్యసభ ఎంపీ పని చేశాడో లేదో ఎలా తెలుసుకోవాలి? (చర్చ)

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్కారం. నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం రెండో ఏడాది. మా సార్ ఒక్కొక్కరికి ఒక్కో ప్రజాప్రతినిధిని పంచారు. నా వాటాకి మన రాష్ట్రం నుంచి వెళ్లి ఆరేళ్లు పూర్తి చేసుకున్న ఒక రాజ్యసభ సభ్యుడు వచ్చారు. పేరు రాయను, రాస్తే ఇక్కడ పార్టీల తిట్లు మొదలవుతాయి. పీఆర్‌ఎస్ సైట్లో (ఎంపీల పనితీరు లెక్కలు పెట్టే సైటు) చూశాను: హాజరు 80 శాతం పైన, ప్రశ్నలు మూడొందలకి దగ్గర, చర్చలు నలభై చిల్లర, ప్రైవేటు మెంబర్ బిల్లులు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేవి) సున్నా. ఇవి ఫస్ట్ క్లాసా, అత్తెసరు మార్కులా? లోక్‌సభ ఎంపీ అయితే నియోజకవర్గంలో నాలుగు ఊళ్లు తిరిగి అడిగేవాణ్ణి. ఈయన గురించి ఎవర్ని అడగాలి?

గాంధీనగర్_గణపతి
ఆయన్నే అడుగు. దొరికితే మాకూ చెప్పు 😀

ఏలూరురోడ్డు_లాయరు
ముందు ఓటరెవరో చూడు తమ్ముడూ. రాజ్యసభకి ఓటేసేది ఎమ్మెల్యేలు. 2003 నుంచి బ్యాలెట్ కూడా పార్టీ ఏజెంటుకి చూపించి వెయ్యాలి. అదే ఏడాది సవరణతో, ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో కాపురం ఉండాలన్న నియమం కూడా పోయింది. అందుకే మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు కర్ణాటక నుంచీ రాజస్థాన్ నుంచీ ఎంపీ అయ్యారు. అటునుంచి సురేశ్ ప్రభు గారు 2016లో మన ఆంధ్రా కోటాలో వెళ్లారు. నిర్మలా సీతారామన్ గారిదీ 2014 నుంచి 2016 దాకా మన సీటే.

ఇప్పుడు నీ అంకెల సంగతి. మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. హాజరు పట్టీలో సంతకం కూడా పెట్టరు. ఆ గడి ఖాళీగా ఉందని "మన ఎంపీ రెండేళ్లు సభకే వెళ్లలేదు" అని ఒకాయన వాట్సాప్‌లో తిప్పాడు. నేనే ఫోన్ చేసి తీయించాను.

పాత_బెజవాడ
హాజరు గురించి నా మాట కూడా. సంతకం పెడితే ఆ రోజు భత్యం వస్తుంది, ఇప్పుడది 2,500 రూపాయలు. పొద్దున పదకొండుకి సంతకం పెట్టి పదకొండుంబావుకి బయటికొచ్చేసినా హాజరే. కాలేజీలో మనం ప్రాక్సీ కొట్టేవాళ్లం, అక్కడ ఎవరి ప్రాక్సీ వాళ్లే కొట్టుకోవచ్చు.

ఢిల్లీ_రిటర్న్
నేను రెండు సమావేశాలపాటు ఒక ఎంపీ దగ్గర సహాయకుడిగా పనిచేశాను. ఇప్పుడు పటమటలోనే ఉంటున్నా. లోపల జరిగేది కాస్త చెబుతా.

ప్రశ్నలు మూడొందలు అన్నావు. అందులో స్టార్డ్ ఎన్ని, అన్‌స్టార్డ్ ఎన్ని? రాజ్యసభలో రోజుకి 15 స్టార్డ్, 160 అన్‌స్టార్డ్. ఏవి లిస్టులోకి ఎక్కాలో లాటరీ తేలుస్తుంది. నోటీసు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. స్టార్డ్ అయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, మన సభ్యుడు దానిమీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. అన్‌స్టార్డ్‌కి కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. అన్‌స్టార్డ్ ప్రశ్నలు రాసేది చాలాచోట్ల మాలాంటి కుర్రాళ్లే. రాత్రి పదింటికి కూర్చుని పేపర్లు తిరగేసి ఇరవై ప్రశ్నలు అల్లేవాణ్ణి. సార్ సంతకం పెట్టేవారు. ఒక్కోసారి చదివి, ఒక్కోసారి చదవకుండా.

ఇక జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు ఎత్తే సమయం. రాజ్యసభలో ఒక్కో సభ్యుడికి మూడు నిమిషాలు. మూడో నిమిషం అయిందంటే మైకు దానంతటదే ఆగిపోతుంది, చైర్మన్ గారి దయాదాక్షిణ్యాలేమీ ఉండవు. మా సార్‌కి ఒకసారి వంతు వచ్చింది. రాత్రంతా కూర్చుని ఒకటిన్నర పేజీ రాసిచ్చాను. కార్లో ఫోన్ టైమర్ పెట్టి రెండుసార్లు చదివించాను, రెండు నిమిషాల యాభై సెకన్లు. సభలో లేచాక ఆయన చైర్మన్ గారికి కృతజ్ఞతలు చెప్పారు. పార్టీ అధ్యక్షుడికి చెప్పారు. తనని ఎన్నుకున్న ఎమ్మెల్యేలకి చెప్పారు. నలభై సెకన్లు అక్కడే హరీ. చివర్లో "కాబట్టి కేంద్ర ప్రభుత్వాన్ని నేను కోరేది ఏమిటంటే" దగ్గర మైకు ఠక్కున ఆగింది. ఏం కోరారో ఎవరికీ తెలియలేదు. పీఆర్‌ఎస్ లెక్కలో మాత్రం అదొక చర్చ. నీ నలభై చిల్లరలో ఇలాంటివి ఎన్నున్నాయో వీడియోలు చూస్తే గానీ తేలదు.

బ్రాడీపేట_4_14
😂 "కోరేది ఏమిటంటే" అని మా ఆఫీసులో సామెతైపోయేలా ఉంది.

పత్తిపాడు_రైతుబిడ్డ
అన్‌స్టార్డ్‌ని అంత తీసిపారేయకండి సార్. నాకు పనికొచ్చింది.

2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది మర్చిపోగలమా. పూలో దూరి రసం పీల్చేది. పొద్దున్నే చేలోకి వెళ్లి పూత దులిపితే అరచేతిలో నల్లటి నలుసులు కదిలేవి. ఏ మందు కొట్టినా లొంగలేదు. మాది మూడెకరాలు, ఫిబ్రవరికి ముందే పీకేసి జొన్న వేశాం. గుంటూర్లో ఒక పెళ్లికి రాజ్యసభ ఎంపీ ఒకాయన వస్తే మా నాన్న తెల్లకాగితం మీద రాసిన అర్జీ చేతిలో పెట్టాడు. అక్షింతలు వేసే హడావుడిలో ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారు. అది చాకలికి పోయి ఉంటుందనుకున్నాం.

రెండు నెలలకి ఢిల్లీ నుంచి ఫోన్. మీ పురుగు మీద ప్రశ్న వచ్చింది, జవాబు పంపిస్తున్నాం అని. ఒక్క పేజీ. పురుగు ఏయే రాష్ట్రాల్లో కనిపించిందీ, శాస్త్రవేత్తలు వచ్చి చూసిందీ, ఏం మందులు చెప్పిందీ ఉంది. పరిహారం దగ్గరికొచ్చేసరికి రాష్ట్రం వైపు వేలు చూపించారు. మా నాన్న చదివి "ఇదేనా" అన్నాడు.

కానీ ఆ పేజీ బ్యాంకుకి పట్టుకెళ్లాను. అప్పటిదాకా మేనేజరు "పురుగు మీ చేలోనే పడిందా" అని వెటకారం చేసేవాడు. పైన భారత ప్రభుత్వం అని, కింద మంత్రి పేరుతో ఉన్న కాగితం చూసి రెండుసార్లు చదివాడు. లోను గడువు పొడిగించాడు. అడిగిన ఎంపీకి ఈ సంగతి తెలియదు, ఏ వెబ్‌సైటు లెక్కలోకీ రాదు.

రిటైర్డ్_ఏఈ_గుంటూరు
ఎంపీ ల్యాడ్స్ (స్థానిక పనులకి ఎంపీ సిఫారసు మీద వచ్చే నిధులు) గురించి ఎవరూ ఎత్తలేదేం? పంచాయతీరాజ్‌లో ముప్పయ్యేళ్లు చేశాను, ఎస్టిమేట్లు వేసింది మేమే. ఏడాదికి 5 కోట్లు. 1993 డిసెంబరులో పథకం పెట్టినప్పుడు 5 లక్షలతో మొదలైంది. లోక్‌సభ ఎంపీకి తన నియోజకవర్గం, రాజ్యసభ ఎంపీకి తను ఎన్నికైన రాష్ట్రమంతా. అందులో ఒక జిల్లాని నోడల్ జిల్లాగా, అంటే నిధుల లెక్క చూసే జిల్లాగా ఎంచుకుంటాడు. కాబట్టి గుంటూరు ఆయన డబ్బు శ్రీకాకుళంలో కూడా ఖర్చవ్వచ్చు, తప్పేం లేదు. ఎంపీ చేసేది సిఫారసు మాత్రమే, మంజూరు చేసేది కలెక్టరు. 15 శాతం ఎస్సీ వాడలకి, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి పోవాలి. 2020 ఏప్రిల్లో కరోనా పేరున ఆపేసి 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. నీ సభ్యుడి ఆరేళ్లలో ఆ కాలం పడితే ఆ గడి ఖాళీగా ఉంటుంది, అది ఆయన తప్పు కాదు.

ఒక ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు కట్టాం. శిలాఫలకం నాలుగడుగులు, నల్లరాయి, బంగారు అక్షరాలు. నీళ్లు పట్టుకునే కుళాయి ఒక్కటే, అదీ ప్లాస్టిక్‌ది. ఆరునెలలకి కుళాయి ఊడింది, రాయి అలాగే ఉంది. బాగుచేసే డబ్బు అప్పట్లో ఎంపీ ల్యాడ్స్‌లో రాదు, పంచాయతీ దగ్గర లేదు. నువ్వు వెళ్లి ఆ రాళ్లు ఫొటో తీసుకురా, పక్కన కుళాయి తిప్పి చూడు. అదే నీ ప్రాజెక్టు.

ఏలూరురోడ్డు_లాయరు
ఏఈ గారూ, ఎంపీ అసలు పని అది కాదండీ. చట్టం, పర్యవేక్షణ. కుళాయిల కోసం సర్పంచి ఉన్నాడు.

రిటైర్డ్_ఏఈ_గుంటూరు
పని అది కాకపోతే రాయి మీద పేరెందుకండీ?

పాత_బెజవాడ
ఇద్దరూ ఆగండి. లాయరు గారు చెప్పాల్సింది చెప్పలేదు: స్థాయీ సంఘాలు, అంటే శాఖలవారీగా పద్దులు, బిల్లులు చూసే పార్లమెంటు కమిటీలు. మొత్తం 24. అందులో 8 రాజ్యసభ చైర్మన్ కింద, 16 లోక్‌సభ స్పీకర్ కింద. ఒక్కోదాంట్లో 31 మంది, అందులో రాజ్యసభ వాళ్లు పదిమంది. తలుపులు మూసి జరుగుతాయి, టీవీ ఉండదు, అందుకే పార్టీ గోల తక్కువ. అధికారుల్ని కూర్చోబెట్టి పద్దులు అడుగుతారు. నీ సభ్యుడు ఏ కమిటీలో ఉన్నాడు, ఎన్ని మీటింగులకి వెళ్లాడు, నివేదికతో విభేదిస్తే అసమ్మతి రాశాడా, ఇవి కమిటీ నివేదికల చివరి పేజీల్లో దొరుకుతాయి. టీవీలో అరిచేవాళ్లు కమిటీల్లో నోరు మెదపకపోవడం, నోరు లేనట్టుండేవాళ్లు అక్కడ చెడుగుడు ఆడటం, రెండూ ఉంటాయంటారు.

గాంధీనగర్_గణపతి
సుందరయ్య గారు సైకిలు మీద పార్లమెంటుకి వెళ్లేవారని మా తాత చెప్పేవాడు. ఆయన రాజ్యసభేగా?

పాత_బెజవాడ
అవును, 1952లో మొదటి రాజ్యసభ. కమ్యూనిస్టు సభ్యులకి నాయకుడు. 1955లో ఇటొచ్చి మన గన్నవరం నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఆ సైకిలుకి కూడా పీఆర్‌ఎస్‌లో గడి లేదు.

కృష్ణలంక_కుర్రాడు
చాలా థాంక్సండీ. ప్రైవేటు మెంబర్ బిల్లు సున్నా అన్నది పెద్ద లోపమేనా మరి?

ఢిల్లీ_రిటర్న్
కాదు. ప్రభుత్వం తరఫున కాకుండా మామూలు సభ్యుడు పెట్టిన బిల్లుల్లో ఇప్పటిదాకా చట్టాలైనవి పద్నాలుగే, చివరిది 1970లో. వాటికిచ్చేది శుక్రవారం మధ్యాహ్నం. ఆ వేళకి సగం మంది సాయంత్రం ఫ్లైటు కోసం సర్దుకుంటూ ఉంటారు. అయినా పెట్టడం దండగ అనను. తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద పెట్టిన బిల్లు 2015లో రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభ దాటలేదు గానీ, తర్వాత ప్రభుత్వమే తన బిల్లు తెచ్చింది. మన ప్రత్యేక హోదా మీద కాంగ్రెస్ ఎంపీ కేవీపీ రామచంద్రరావు గారు పెట్టింది గుర్తుందా? 2016లో అది ద్రవ్యబిల్లా (లోక్‌సభలోనే పెట్టాల్సినది) కాదా అన్న తగువులో పడింది.

ఏలూరురోడ్డు_లాయరు
హోదా అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 2014 ఫిబ్రవరి 20, విభజన బిల్లు రాజ్యసభలో. ప్రధాని మన్మోహన్‌సింగ్ గారు లేచి అయిదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. వెంకయ్యనాయుడు గారు పదేళ్లు కావాలన్నారు. ఆ రాత్రి గవర్నరుపేటలో టీవీ షాపు ముందు నిలబడి చూశాం. మాట సభ రికార్డులో ఉంది, చట్టంలో లేదు. తర్వాత పదేళ్లు ఈ రాష్ట్రంలో రాజకీయమంతా ఆ సందులోనే నడిచింది.

కుర్రాడూ, నీ మూడొందల జవాబుల్లో "సమాచారం సేకరిస్తున్నాం, సభాపటలంపై ఉంచుతాం", "పరిశీలిస్తాం" లాంటివి వెతుకు. అవి హామీల కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే రాజ్యసభ హామీల కమిటీ అడుగుతుంది. అడిగిన సభ్యుడు దాని వెంట పడ్డాడా, తర్వాతి సమావేశంలో మళ్లీ తట్టాడా? నన్నడిగితే నువ్వు చూడాల్సింది అదొక్కటే.

పత్తిపాడు_రైతుబిడ్డ
ఇది కరెక్టు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 అంది. మిర్చి మద్దతు ధర జాబితాలోనే లేదు, ఏటా ఇదే తంతు. ఎందుకు లేదో ఒకసారి అడిగి ఊరుకుంటే ఒకసారే చెబుతారు.

కృష్ణలంక_కుర్రాడు
రాత్రి మూడింటిదాకా కూర్చున్నానండీ. ఇంకా నూటపది జవాబులే అయ్యాయి. పదిహేడింట్లో "సేకరిస్తున్నాం" ఉంది. వాటిలో రెండే మళ్లీ కదిలించారు. ఆ రెండూ గుంటూరు వైపు రైల్వే పనులే. ఒకదాని మీద నాలుగు సమావేశాల్లో నాలుగుసార్లు అడిగారు. మొదటి మూడు జవాబులూ తేదీ తప్ప అచ్చు గుద్దినట్టు ఒకటే. నాలుగో ప్రశ్నలో ఏ స్టేషను నుంచి ఏ స్టేషను దాకా పని ఆగిందో కూడా రాశారు. దాని జవాబులో మొదటిసారి ఎంత ఖర్చయిందో, ఎన్ని కిలోమీటర్లు అయిందో అంకె ఇచ్చారు.

ఢిల్లీ_రిటర్న్
ఆ నాలుగో ప్రశ్న సహాయకుడు రాసింది కాదు. పందెం.

కృష్ణలంక_కుర్రాడు
ఎలా చెప్పగలరు?

ఢిల్లీ_రిటర్న్
మేం అడిగేది "వివరాలు తెలపండి" అని. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను దాకా ఆగిందో ప్రశ్నలోనే రాశాడంటే, ఆ లైన్లో రోజూ తిరిగేవాడెవడో ఆయన చెవిలో చెప్పి ఉండాలి.

రిటైర్డ్_ఏఈ_గుంటూరు
అబ్బాయ్, ఆ నాలుగు జవాబులూ వరసగా ప్రింటు తీయించు. ఆదివారం పొద్దున బ్రాడీపేట వైపు రా. ఆ లైనుకి భూసేకరణ చూసిన మా పాత మిత్రుడు ఒకాయన ఉన్నాడు, పక్కన కూర్చోబెడతాను. కుళాయి ఫొటో కూడా మర్చిపోకు.