తాతయ్య పరజల పడవ: ఫైబర్ పీకాలా, పైన ఇంకో పొర వేయాలా?

గాజువాక వాసు:
మా తాతయ్య విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సులో పరజల (అడవి బాతుల) వేట కోసం చేయించుకున్న చెక్క పడవ మా దగ్గరుంది. 14 అడుగుల పొడవు, అడుగు బల్లపరుపు. ఒకరు గడ వేస్తుంటే ఇద్దరు కూర్చోవచ్చు. తాటి దోనెలో కూర్చుని గురి చూడటం కుదరడం లేదని ప్రత్యేకంగా చేయించారట. 1986లో నాన్న దాని బయటంతా ఫైబర్ (గాజుపీచుని రెజిన్ అనే జిగురుతో అతికించిన పొర) వేశారు. 2014 హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. మేం మళ్లీ కప్పు వేయించేలోపు పడవ బాగా నానింది. ఇప్పుడు వేలితో కొడితే కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల డొల్లగా మోగుతోంది. వెనక చెక్క దగ్గర బొటనవేలితో నొక్కితే ఫైబర్ లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తోంది.

తమ్ముడు ఫైబర్ మొత్తం పీకేసి పాత చెక్క రూపానికి తెద్దామంటున్నాడు. నాకు పైన ఇంకో పొర వేస్తే చాలనిపిస్తోంది. ఇక వేట ఊసే లేదు, చలికాలంలో పిల్లలకి పక్షుల్ని చూపించడానికి వాడదామని. తెలిసినవాళ్లు చెప్పండి.

హార్బర్ అప్పారావు:
పీకెయ్యండి బాబూ. ఇందులో ఆలోచించడానికేం లేదు. పలకల పడవ నీళ్లలో ఉబ్బుతుంది, గట్టెక్కితే ఎండుతుంది. సందులు మూసుకునేదే ఆ ఉబ్బుతో. చెక్క కదులుతుంది, ఫైబర్ కదలదు. ఎక్కడో వెంట్రుకంత చీలిక వస్తుంది, నీళ్లు దూరతాయి. దూరిన నీళ్లు మళ్లీ బయటికి రావు. మీ వేలికి డొల్లగా తగిలింది అదే.

మా అయ్య పడవల వడ్రంగి. సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోసి, పైన జీడిపిక్కల తొక్కనూనె పూసేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఏటా చేసుకోవాల్సిన పనే, కాదనను. కానీ పలక పుచ్చితే కంటికి కనబడేది, ఆ ఒక్కటీ మార్చేవాడు.

రెజిన్ మురళి:
అన్నా, సగమే చెప్పారు. తప్పు ఫైబర్‌ది కాదు, రెజిన్‌ది. 1986లో వేశారంటే నూటికి తొంభై పాళ్లు అది పాలిస్టర్ రెజిన్. పాలిస్టర్ చెక్కని గట్టిగా పట్టుకోదు, కొన్నేళ్లకి పొరలాగా లేచిపోతుంది. ఎపాక్సీ రెజిన్ పట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

వాసు గారూ, లేచిపోయిన చోట కోసి తీసేయండి. చెక్క బాగా ఆరనివ్వండి, తేమ 12 శాతం లోపుకి రావాలి. తర్వాత ఎపాక్సీతో గాజుపీచు నేత గుడ్డ వేయండి. షాపులో మామూలు మ్యాట్ (నేయకుండా అతికించిన పీచు) ఇస్తే తీసుకోవద్దు. దాని పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. తెల్లగా ఉండిపోతుంది. డొల్ల మీద ఇంకో పొర మాత్రం వద్దు, డబ్బు దండగ.

పక్షుల లక్ష్మి:
పక్షుల్ని కాల్చడానికి చేసిన పడవలో పిల్లల్ని కూర్చోబెట్టి పక్షుల్ని చూపించడం నాకు మింగుడుపడటం లేదు. 1972 నుంచి వేట నేరం కదా.

రిటైర్డ్ మాస్టారు:
చిన్న సవరణ అమ్మా. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చిన మాట నిజమే. కానీ మొదట్లో లైసెన్సు మీద కొన్నింటిని వేటాడనిచ్చేవారు. ఆ లైసెన్సుల పద్ధతి పోయింది 1991 సవరణతో. వాళ్ల తాతగారు ఏ ఏడు వేటాడారో తెలియకుండా నేరం అనకూడదు.

పక్షుల లక్ష్మి:
మాస్టారూ, నేనడిగింది సెక్షన్ గురించి కాదు.

రిటైర్డ్ మాస్టారు:
సంవత్సరం తప్పు పడితే మిగతా వాదనంతా తప్పుతుంది. అందుకే చెప్పాను.

న్యూజెర్సీ శ్రీను (మాది భీమిలి):
ఇక్కడ బార్నెగట్ బే అని ఒక ఉప్పునీటి సరస్సు ఉంది. అక్కడ బాతుల వేట పడవని స్నీక్‌బాక్స్ అంటారు. 1836లో హేజెల్టన్ సీమన్ అనే ఆయన తయారుచేశాడు. 12 అడుగులు, నీటికి ఆనుకుని ఉంటుంది, పైన గడ్డి కప్పుకుని అందులో పడుకుంటారు. పాతవి సీడార్ చెక్కవి, తర్వాత చాలావాటికి ఫైబర్ తొడిగారు. వాటిని బాగుచేసేవాళ్ల మధ్య ఇక్కడా అచ్చం ఇదే తగువు.

హార్బర్ అప్పారావు:
సీడార్ సంగతి నాకు తెలీదు. మన గాలిలో ఉప్పూ తేమా తెలుసు. మురళీ, 12 శాతానికి ఆరబెట్టమన్నావు. విశాఖలో ఆరుబయట చెక్క ఎన్ని నెలలు ఆరితే 12 అవుతుందో చెప్పు. మీ ఫైబర్ వాళ్లు ఎప్పుడూ ఇంతే. మాట చెప్పి, పూసి, డబ్బులు తీసుకుని పోతారు.

రెజిన్ మురళి:
కప్పు కింద, గాలాడేలా, ఈ మార్చి ఎండలకి పెడితే ఆరుతుంది. మీటరు పెట్టి చూసుకోవచ్చు. ఇక "మీ ఫైబర్ వాళ్లు" అన్నారే, అది దేనికన్నా? ఇది రెండోసారి. పోయిన నెల బోటు అడుగు లీకు గురించి అడిగినాయనకీ ఇదే అన్నారు.

హార్బర్ అప్పారావు:
చెప్తాను. మా అయ్య బాడిస పట్టుకుంటే గీత గీసినట్టు చెక్క లేచేది. ఫైబర్ బోట్లు వచ్చాక ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా కుదిరాడు. రాత్రిళ్లు గేటు దగ్గర కూర్చుని చిన్న చెక్కముక్క చెక్కుతూ ఉండేవాడు. ఏం చేస్తున్నావయ్యా అంటే చేతులు ఊరుకోవట్లేదురా అనేవాడు. అదీ నా కోపం.

రెజిన్ మురళి:
మా నాన్న తెప్ప మీద చేపల వేటకెళ్లేవాడు. నడుం దాకా తడిసి వచ్చేవాడు. మా పెద్దన్న తెప్ప అలల్లో తిరగబడింది. తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది, అన్న రెండో రోజుకి దొరికాడు. ఆ తర్వాత చిన్నన్న ఫైబర్ బోటు ఎక్కాడు. అప్పుడు గానీ మా అమ్మ రాత్రిపూట కన్ను మూయలేదు. మీ అయ్య పని పోయినందుకు నాకు నిజంగా బాధగానే ఉంది. కానీ ఫైబర్‌ని తిట్టొద్దు అన్నా. దాని నూగు గుచ్చుకుని నా మోచేతుల దాకా దద్దుర్లే. ఆ కూడే మేం తింటున్నాం.

పక్షుల లక్ష్మి:
ఇద్దరూ పడవ వదిలేసి ఎక్కడికో వెళ్లారు.

వాసు తమ్ముడు:
నేను సభ్యుణ్ణి కాదు, ఇది చదివి ఇప్పుడే చేరాను. అన్నయ్య అసలు సంగతి రాయలేదు. ముందువైపు కుడి పలక మీద తాతయ్య గాట్లు పెట్టారు. పొద్దున వేటకి ఎన్ని పడితే అన్ని గాట్లు, వరసలు వరసలుగా. నా చిన్నప్పుడు వేలితో తడిమిన గుర్తు. ఆ ఫైబర్ కింద అవి ఉన్నాయి. నాకు అవి మళ్లీ కనపడాలి. తాతయ్యవి అంటూ మాకు మిగిలింది అదొక్కటే. అన్నయ్య ఫైబర్ ఉంచుదామనేది పడవ కోసం కాదు.

గాజువాక వాసు:
అవును, పడవ కోసం కాదు.

నాన్నకి పదేళ్లప్పుడు తాతయ్య వెంట తీసుకెళ్లేవారు. పడిన పిట్టని దిగి తెచ్చేది నాన్న. మార్గశిర మాసం చలి, తెల్లారకముందు, తామర తూడుల మధ్య మెడలోతు నీళ్లు. ఒకసారి తెచ్చిన పరజ ఇంకా బతికే ఉంది. మెడ విరవమన్నారు. విరిచారు. దానికీ ఒక గాటు పడింది. ఇది నాన్న పోయే ముందు ఏడాది నాకు చెప్పారు, నీకు చెప్పొద్దన్నారు, నువ్వు తాతయ్య చేతుల్లో పెరిగావని.

1986లో పడవ కారలేదురా. నాన్న రెజిన్ డబ్బా తెచ్చుకుని మొదటి మ్యాట్ వేసింది ఆ గాట్ల మీదే. నేను పక్కన లాంతరు పట్టుకున్నాను. ఆరకముందే ఆయన అరచెయ్యి ఆని, ఆ గుర్తు అలాగే ఉండిపోయింది.

రిటైర్డ్ మాస్టారు:
నా 1991 సంగతి వదిలేయండి.

హార్బర్ అప్పారావు:
వాసు బాబూ, మొత్తం పీకమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందువైపు కొడితే ఎలా మోగుతోంది? గట్టిగా మోగితే అక్కడ ముట్టుకోవద్దు. వెనక చెక్క నుంచి మూడడుగులు కోసి చూద్దాం. పుచ్చిన పలకలు నేను మారుస్తాను, మా అయ్య బాడిస నా దగ్గరే ఉంది. అయితే ఏప్రిల్ 15 లోపే కావాలి. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైతే ఆ 61 రోజులూ బోట్లన్నీ రిపేర్లకి ఒడ్డెక్కుతాయి, నాకు ఊపిరాడదు.

రెజిన్ మురళి:
కొయ్యడం నేను వచ్చి చేస్తాను. ఆ దుమ్ము మాస్కు లేకుండా పీల్చకూడదు, పిల్లల్ని దూరంగా ఉంచండి. కానీ అన్నా, కొత్త పలకకీ పాత ఫైబర్‌కీ కలిసే అంచు మీద ఎపాక్సీయే వేస్తాను. గుగ్గిలం కుదరదు.

హార్బర్ అప్పారావు:
అది అక్కడికొచ్చాక మాట్లాడుకుందాం. నేనింకా ఒప్పుకోలేదు.

గాజువాక వాసు:
ముందువైపు గట్టిగానే మోగుతోంది.

వాసు తమ్ముడు:
అన్నయ్యా, ఆదివారం వస్తున్నాను. ముందువైపు టార్పాలిన్ కప్పి ఉంచు. నేను వచ్చేదాకా ఫైబర్‌ని వేడిచేసి లేపే హీట్ గన్ బయటికి తీయొద్దు.