సమస్య: «ఫోను దొరకె ననుచు భోరుమనెను»

నిర్వాహకుడు, రాజోలు:
అందరికీ నమస్కారమండి. ఈ వారం పూరించాల్సిన పాదం పైన ఉంది. ఆటవెలదిలో నాలుగో పాదం. ఫోను పోతే ఏడుస్తారు గానీ దొరికితే ఎందుకేడుస్తారు అన్నదే ఇందులో చిక్కు. ఆ ఏడుపుకి కారణం మీ మూడు పాదాల్లో కనపడాలి. ఊరికే «సంతోషం పట్టలేక» అంటే ఒప్పుకోను, ఆ సంతోషం వెనక ఏముందో చూపించండి.

ఇది నేను కల్పించిన మాట కాదు. మొన్న మా ఇంట్లో జరిగింది. ఏం జరిగిందో చివర్లో నా పూరణతో పాటు చెప్తాను, ముందే చెబితే అందరూ అటే పోతారు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒకసారి లెక్క చెప్పుకుందాం. లఘువు పొట్టి అక్షరం, గురువు సాగే అక్షరం, వాటి గుంపే గణం. గురువు-లఘువు గానీ మూడు లఘువులు గానీ అయితే సూర్యగణం, ఇంద్రగణాలు వాటికన్నా కాస్త పెద్దవి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం లేదు, యతి కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొత్తు, వేసుకోవచ్చు. తిరుపతి వేంకట కవుల జంటలో చెళ్లపిళ్ల వారు పుట్టిన కడియం, దివాకర్ల వారు పుట్టిన యండగండి, గోదావరికి అటొకటి ఇటొకటి మన మధ్యనే ఉన్నాయి. ఆ నేల మీద కూర్చుని యతి దగ్గర రాజీ పడితే నాకు మనసొప్పదండి.

ముమ్మిడివరం తమ్ముడు:
అన్నయ్యా, ఒక డౌటు. ఫోను అనేటప్పుడు మనం పెదవిని పళ్లతో నొక్కి పలుకుతాం కదా, అది తెలుగు ఫ కాదు. మరి దానికి భో తో యతి ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్నే వేశావు తమ్ముడూ. పలికేది ఎలా ఉన్నా మనం రాసేది ఫ. ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి యతిమైత్రి ఉన్న అక్షరాలు. అచ్చు కూడా చూడాలి కదా, రెండు చోట్లా ఓ కారమే. కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

నరసాపురం చెల్లి:
నా ప్రయత్నం. మా పెద్దమ్మ సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) దిగుతుంటే ఇలాగే జరిగింది. పెదనాన్న పోయే ముందు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు.

నాన్న గొంతు దాచినట్టి పేటిక యది
పంటు దిగెడు వేళఁ బడియె నెచటొ
మూడు నాళ్లు పిదప ముంగిటి కందఁగ
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

పాలకొల్లు మాస్టారు:
అమ్మాయీ, గణాలు యతులు అన్నీ శుద్ధంగా ఉన్నాయి. ఫోను అని రెండోసారి అనకుండా «పేటిక» అన్నావు, చాలా బాగుంది. ఒక్కటే లోటు. భోరుమన్నది ఎవరు? పద్యంలో కర్త లేదు. నీకు తెలుసు కాబట్టి నీకు కనపడుతోంది, చదివేవాడికి కనపడదు. మూడో పాదంలో «పిదప» తీసేసి ఇలా అను:

మూడు నాళ్ల కమ్మ ముంగిటి కందఁగ

నాళ్లకు, అమ్మ కలిసి నాళ్లకమ్మ అయింది. అక్షరాలు పెద్దగా కదలలేదు గానీ మనిషి వచ్చి పద్యంలో నిలబడింది.

నరసాపురం చెల్లి:
అవునండి మాస్టారూ! ఇంత చిన్న మార్పుకి నాకే కళ్లు చెమర్చాయి. మార్చుకున్నాను.

నిర్వాహకుడు:
చెల్లాయ్, పద్యం పక్కన పెట్టి ఒక మాట. ఆ మెసేజ్‌లు ముందు వేరే చోట ఒక కాపీ పెట్టించు. ఈసారి పంటు దాకా తెచ్చుకోవద్దు.

అంబాజీపేట బావగారు:
మా తోటలో కొబ్బరి దింపు తీసేవాళ్ల మీద రాశాను. గెల నరకడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి ఫోను జారి మొవ్వులో, మట్టల సందున ఇరుక్కుంది. కిందకి దిగి చూసుకుంటే లేదు, ఆ తోటలో ఎక్కింది ఒక చెట్టా రెండు చెట్లా. ఏ చెట్టని వెతుకుతాడు పాపం.

దింపు కార్మికుండు దిగిన పిమ్మట చూడ
జేబు ఖాళీ, గుండె చెదరిపోయె
మొవ్వులోన మోగె ముద్దు పాప పిలువ
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

నిర్వాహకుడు:
బావగారూ, మూడో పాదం అద్భుతం. చెట్టు మీద మొవ్వులోంచి కూతురి పిలుపు వినిపించడం నేను ఎక్కడా చదవలేదు. కానీ రెండో పాదంలో గణం తప్పింది. ఖాళీ రెండూ గురువులే, సూర్యగణం కాదు. «ఖాళి» అని కుదించొచ్చు గానీ అది బలవంతంగా ఉంటుంది. «జేబు తడిమె» అనండి. తడిమె మూడు లఘువులు, నగణం, సరిపోయింది. పైగా ఖాళీ అనే సమాచారం పోయి ఆ చెయ్యి కనపడుతుంది.

పాలకొల్లు మాస్టారు:
«తడిమె» వచ్చాక పైన «చూడ» అనవసరం కదా. ఆ చోట మనిషిని కూర్చోబెట్టండి. చెట్టు దిగినవాడు ముందేం చేస్తాడు?

అంబాజీపేట బావగారు:
చుట్ట కాలుస్తాడండి. ఇదుగో:

దింపు కార్మికుండు దిగి చుట్ట కాల్చుచు
జేబు తడిమె, గుండె చెదరిపోయె
మొవ్వులోన మోగె ముద్దు పాప పిలువ
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

ముమ్మిడివరం తమ్ముడు:
ఇది నాకు నచ్చేసింది బావగారూ. నాదీ చూడండి. మా వీధిలో సగం ఇళ్లలో అమ్మలు గల్ఫ్‌లోనే ఉన్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర. వాళ్లకి ఫోనంటే ఆ రాత్రి ఒక్క కాలే.

గల్ఫు నుండి యమ్మ కాల్సేయు వేళకు
పాప వెదకె నిల్లు వాడ యెల్ల
పడక కింద జూడ నిరువది మిస్డులు
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

పాలకొల్లు మాస్టారు:
తమ్ముడూ, భావానికి నూటికి నూరు. మూడో పాదంలో యతి పోయింది. మొదటి అక్షరం ప, నాలుగో గణం «నిరువది», అక్కడున్నది ఇ. ప కి ఇ కి ఏ మైత్రీ లేదు. ప్రాసయతి చూద్దామన్నా రెండో అక్షరాలు డ, రు కలవవు. ఇంకో సంగతి, «మిస్డులు» అని ఎవరూ అనరు. మిస్డ్ కాల్స్ అనే అంటాం.

ముమ్మిడివరం తమ్ముడు:
ఇరవై అన్నది నిజమండి, ఆ పాప నాకు చూపించింది. తగ్గించడానికి మనసు రావట్లేదు.

నిర్వాహకుడు:
నాకు అర్థమైంది తమ్ముడూ. కానీ ఆ పాప ఏడ్చింది అంకె చూసి కాదు, అమ్మ అన్నిసార్లు పిలిచినా తను పలకలేదని. ఆ మాట పదిలోనూ ఉంటుంది. ఇలా చూడు:

పడక కింద జూడఁ బది మిస్డు కాల్సుండ

ప కి ప యతి. సలము, తగణము, రెండూ ఇంద్రగణాలే. సరేనా?

ముమ్మిడివరం తమ్ముడు:
సరేనన్నా. చదువుతుంటే సాఫీగా వెళ్తోంది.

ఆత్రేయపురం పిన్ని:
నేను పొలంలో దిగేదాన్నే, కవిత్వం ఈ మధ్యే మొదలుపెట్టాను. తప్పులుంటే చెప్పండి బాబూ.

ఊడ్చుచున్న వేళ నొడినుండి జాఱఁగ
బురదఁ గలిసి పోయె ఫోను, వెదుక
కాలి కింద తగిలి కళ్లు విప్పక పోవ
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

నిర్వాహకుడు:
పిన్నీ, ఈ వారం వచ్చినవాటిలో నాకు బాగా పట్టుకున్న మాట మీ «కళ్లు విప్పక పోవ». స్క్రీను వెలగలేదని అందరూ అంటారు, మీరు మాత్రం దాన్ని చంటిబిడ్డలా చూశారు. మొదటి పాదంలో స్వరయతి కూడా ఎంత బాగా పడిందో! వేళన్, ఒడి కలిసి «నొడి» అయింది, లోపలున్న ఒ కి మొదటి ఊ తో మైత్రి. తెలిసి వేశారో తెలియక వేశారో గానీ చెవి ఉంది మీకు.

రెండు మాటలు మాత్రం అడుగుతాను. ఊడ్పుల్లో వంగినప్పుడు ఫోను ఒడిలో పెట్టుకుంటారా?

ఆత్రేయపురం పిన్ని:
లేదు బాబూ, రొంటిన, నడుం దగ్గర చీర మడతలో దోపుకుంటాం. ప్లాస్టిక్ కవరులో చుట్టి మరీ. యతి కోసం ఒడి అన్నాను.

నిర్వాహకుడు:
అదే నేననుకున్నది. రొంటి అన్న మాట ఎక్కడపడితే అక్కడ దొరకదు, దాన్ని వదులుకోవద్దు. యతి కోసం నిజాన్ని మార్చకూడదు పిన్నీ, నిజానికి సరిపోయే యతి వెతుక్కోవాలి. రెండోది, ఫోను రెండుసార్లు వచ్చింది, ముందే అనేస్తే చివరి పాదం బలం తగ్గుతుంది. ఇలా ఉంటే ఎలా ఉంటుంది?

ఊడ్పులందు రొంటి నున్నది జాఱఁగ
బురద మింగె దాని, పొద్దు గూక
కాలి కింద తగిలి కళ్లు విప్పక పోవ
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

రొంటిన్, ఉన్నది. ఊ కి ఉ. మీ స్వరయతి మీకే ఉంది.

ఆత్రేయపురం పిన్ని:
బురద మింగె దాని! అచ్చం అలాగే ఉంటుంది బాబూ, అడుగు తీస్తే గుంట పూడిపోతుంది. ఆ రోజు కూలి డబ్బులు పోయినా ఇంత బాధపడలేదు. అందరూ బియ్యంలో పెట్టమన్నారు, రెండు రోజులు పెట్టాను, ఏమీ అవలేదు.

ముమ్మిడివరం తమ్ముడు:
బియ్యంలో పెట్టకండి పిన్నీ. సన్నటి పొడి లోపలికి పోయి ఇంకా పాడవుతుందట, ఆపిల్ కంపెనీ కూడా 2024లో అదే మాట చెప్పింది. వెంటనే ఆపేసి, తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందకి ఉండేలా పెట్టి గాలికి ఆరనివ్వాలి. తడి ఆరేదాకా ఛార్జర్ పెట్టకూడదు.

నిర్వాహకుడు:
బియ్యం మాట వచ్చింది కాబట్టి ఇక మా ఇంటి సంగతి చెప్తాను.

మొన్న బుధవారం పొద్దున్న అమ్మ ఫోను కనపడలేదు. పదకొండు దాకా ఇల్లంతా వెతికింది, పెరట్లో కొబ్బరి రాశి కూడా కదిపించింది. సైలెంట్‌లో ఉండటంతో ఎన్నిసార్లు కాల్ చేసినా చప్పుడు లేదు. పక్కింటి కుర్రాడి మీద అనుమానం, గుమ్మంలోకి వచ్చిన కూరలమ్మాయి మీద అనుమానం. చివరికి నా ఫోనులో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి అమ్మ అకౌంట్‌తో లాగిన్ అయ్యి రింగ్ నొక్కాను. ఫోను ఆన్‌లో ఉండి నెట్ ఉంటే, సైలెంట్‌లో ఉన్నా అయిదు నిమిషాల పాటు ఫుల్ సౌండుతో మోగుతుంది. ఎక్కడో లోతుగా, గిన్నె బోర్లించినట్టు చప్పుడు వచ్చింది. వంటింట్లో బియ్యం డబ్బా. మూత తీస్తే సోల పక్కన, బియ్యంలోకి సగం దిగబడి మోగుతోంది, అద్దం నిండా తెల్లటి పొడి.

నేను నవ్వుతూ చేతికిచ్చాను. అమ్మ తీసుకోలేదు. అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చింది. దొరికింది కదమ్మా అంటే, «దొంగ పట్టుకుపోయినా బాగుండేది రా, అందులో నేనే పెట్టాను కదా, పెట్టిన గుర్తే లేదు» అంది. మా అమ్మమ్మ చివరి ఆరేళ్లు మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. ఆవిడకి అన్నం తినిపించింది మా అమ్మే.

బియ్యమందుఁ దాను పెట్టిన గుర్తేది?
తల్లివలెనె మఱపు దక్కెనేమొ
యన్న భయముతోడ నమ్మ నన్నుఁ బిలిచి
ఫోను దొరకె ననుచు భోరుమనెను.

పాలకొల్లు మాస్టారు:
నాయనా, చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. «దక్కె» అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నగలు, పొలం తల్లి నుంచి కూతురికి దక్కుతాయి. ఆ మాటని మఱపుకి వాడావు. దాన్ని ముట్టుకోను. మూడో పాదంలో «నన్నుఁ బిలిచి» ఒక్కటే కొంచెం వదులుగా ఉంది, నువ్వు పక్కనే ఉన్నావు కదా, పిలవడమెందుకు?

నిర్వాహకుడు:
నిజమే మాస్టారూ. ఆ చోట «నన్నుఁ దడిమి» అంటే? గణం అదే. నిజంగా కూడా నా చెయ్యే పట్టుకుంది.

పాలకొల్లు మాస్టారు:
అదే ఉంచు.

నరసాపురం చెల్లి:
అన్నయ్యా, నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నాను. ఒక్కసారి మర్చిపోగానే అమ్మమ్మ జబ్బే అనుకోవద్దు. థైరాయిడ్ తేడా ఉన్నా, బి12 తక్కువైనా, నిద్ర సరిగా లేకపోయినా మతిమరుపు వస్తుంది, మందులతో సర్దుకుంటుంది కూడా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్షలు చేయించండి, టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోవద్దు. అలాగే అమ్మగారి ఫోనులో *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నిజంగానే పోతే ప్రభుత్వం వారి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించడానికి అది కావాలి.

నిర్వాహకుడు:
సోమవారం అమలాపురం తీసుకెళ్తున్నాను చెల్లాయ్. నంబరు క్యాలెండర్ వెనకాల రాశాను.

ఆత్రేయపురం పిన్ని:
బాబూ, అమ్మకి పద్యం వినిపించావా?

నిర్వాహకుడు:
వినిపించాను పిన్నీ. మొదటిసారి ఏమీ అనలేదు. సాయంత్రం బియ్యం కొలుస్తూ మళ్లీ చదవమంది. చదువుతుంటే రెండో పాదం తనే అందుకుని, తప్పు లేకుండా చెప్పింది.