థగ్గు, టక్కరి, ‘వార్లు వేసేవాండ్లు’: ఆ మొదటి అక్షరం ఏమిటి?

పాతకాగితం:
రెండు వారాలుగా ఒక మాట నన్ను వదలడం లేదు. ఉత్తరాదిన ‘ఠగ్’ అన్న దారిదోపిడీ హంతకులను దక్షిణాదిన ఫాన్సీగార్లు అనేవారు కదా. వాళ్ల గురించి 1816లో మద్రాసులో షేర్‌వుడ్ అనే కంపెనీ డాక్టరు ఒక వ్యాసం రాశాడు. తెలుగువాళ్లు వాళ్లను ఏమనేవారో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. నాకు గుర్తున్నది ‘వార్లు వేసేవాండ్లు’. అర్థం మాత్రం ‘ఉరి వాడే మనుషులు’ అని ఇచ్చాడు. మరి అది ‘ఉర్లు వేసేవాండ్లు’ కావాలి కదా? మొదట్లో ఆ ‘వ’ ఎందుకొచ్చింది?

ఇప్పుడెందుకు అవసరమైందో చెబుతాను. అమెరికా ఆటల్లో జాతి, నడవడి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2014 జనవరి 19న సియాటిల్ 23–17తో శాన్‌ఫ్రాన్సిస్కోను ఓడించి సూపర్ బౌల్ అనే ఫైనల్‌కు వెళ్లింది. చివరి ఘడియలో బంతిని చేత్తో తట్టి ఆ గెలుపు ఖాయం చేసిన నల్లజాతి ఆటగాడు రిచర్డ్ షెర్మన్ వెంటనే టీవీ మైకు ముందు గట్టిగా అరిచాడు. ఎవరినీ కొట్టలేదు, బూతు మాట అనలేదు. అయినా దేశమంతా అతన్ని ‘థగ్’ అంది. మూడు రోజుల తర్వాత అతను చెప్పిన దాని సారం: నల్లవాణ్ణి తిట్టే ఆ పాత ఎన్-వర్డ్‌ను ఇప్పుడు నలుగురిలో అనడానికి ఒప్పుకున్న దారి ఈ మాటే. ఈ ‘థగ్’ను తెలుగులో ఏమనాలి? దుండగుడు అని రాసి కొట్టేశాను. రౌడీ అని రాసి అదీ కొట్టేశాను.

ఓరుగల్లు పిల్లగాడు:
దుండగుడు కొట్టేసి మంచి పని చేసిన్రు సార్. మన పేపర్లల్ల దుండగునికి ముఖం ఉండది. ‘గుర్తుతెలియని దుండగులు’ అనే వస్తది ఎప్పుడు చూసినా. దొరికిండంటే నిందితుడైతడు, పేరొస్తది, వయసొస్తది. షెర్మన్ సంగతి దానికి ఉల్టా. అక్కడ ముఖం చూసే ఆ మాట అన్నరు.

సియాటిల్ తెలుగమ్మాయి:
ఆ ఆట రోజు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. షెర్మన్ పుట్టి పెరిగింది లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో, చదివింది స్టాన్‌ఫర్డ్‌లో, పట్టా కమ్యూనికేషన్స్‌లో. ఇవన్నీ ఆటకు ముందే అందరికీ తెలుసు. ఆ ఒక్క అరుపుతో అన్నీ చెరిగిపోయాయి. అతను ఇంకో సంగతి కూడా ఎత్తిచూపాడు, దాన్ని వ్యాసంలో తప్పకుండా ఉంచండి. అంతకు ముందురోజే ఐస్ హాకీలో వాంకూవర్, కాల్గరీ జట్లు తలపడ్డాయి. ఆట మొదలై 2 సెకన్లు కాకముందే ఇరుజట్ల వాళ్లూ గ్లౌజులు విసిరేసి పిడిగుద్దులకు దిగారు. వాళ్లెవరినీ థగ్ అనలేదు. హాకీలో కొట్లాటకు 5 నిమిషాల శిక్ష, ఆ తర్వాత మళ్లీ ఆడొచ్చు. కొట్టడం కోసమే జట్టులో ఉండే ఆటగాడికి ‘ఎన్‌ఫోర్సర్’ అని పేరు. హాకీ ఆటగాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. కొడితే ఎన్‌ఫోర్సర్, అరిస్తే థగ్. మీరు ఏ తెలుగు మాట ఎంచుకున్నా ఈ తేడా అందులో వినిపించాలి.

కపిలతోట:
పాతకాగితం సార్, ముందు ‘వాండ్లు’ సంగతి. అది కోస్తాలో డాక్టరు చెవికి తగిలిన మాట కాదు. మా కడప, చిత్తూరు వైపు ఈ రోజుకీ వాండ్లు అనే అంటాం. కాబట్టి షేర్‌వుడ్‌కు చెప్పినవాడు సీమవాడని నా నమ్మకం. ఇంక ‘వార్లు’. వారు అంటే తోలుపట్టీ. బావి నీళ్లు తోడే కపిల బానకు కట్టే తోలుతాడు వారే, చెప్పుకుండే పట్టీ వారే. వారు ఒకటి, వార్లు రెండు. తోలుపట్టీని మెడకు వేసి బిగించేవాండ్లు కాబట్టి వార్లు వేసేవాండ్లు. ఉన్నది ఉన్నట్టు చదివితే సరిపోతుంది. మార్చాల్సిన పనేముంది?

అచ్చుతప్పు:
కపిలతోట గారి వారు బాగుంది, కానీ అర్థం కుదరదు. అర్థం ఇచ్చింది షేర్‌వుడ్డే, ‘ఉరి’ అని. నా లెక్కలో ఇది వ్రాతప్రతిలో ‘వుర్లు’. మన పాత దస్తావేజుల్లో, ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతుల్లో ఉప్పును వుప్పు, ఊరును వూరు అనే రాసేవారు. పలుకులోనూ ఆ వకారం ఉండేది. అతను విన్నది వుర్లు, రాసింది డబ్ల్యూ పక్కన యూ. చేతిరాతలో యూ తల కలిసిపోతే అచ్చులో ఏ అయిపోతుంది. కంపోజిటరుకు తెలుగు రాదు. అంతే సంగతి.

కపిలతోట:
అదే మాటలో ‘వాండ్లు’ చివర ఉకారానికి రెండు ఓలు పెట్టినాడు సార్. ఉ వినబడితే రెండు ఓలు రాసే మనిషి మొదటి అక్షరానికి మాత్రం యూ ఎందుకు రాస్తాడు? ఇంకొకటి. అదే వ్యాసంలో కన్నడం పేరు కూడా ఉంది, ‘తంతి కళ్లరు’. తంతి అంటే తీగ, నరం; కళ్లరు అంటే దొంగలు. కన్నడమోళ్లు దేంతో బిగిస్తారో దాన్నిబట్టి పేరు పెట్టినారు. పక్కనే ఉన్న మేమూ అట్లే పెట్టుకున్నాం.

అచ్చుతప్పు:
తంతి సంగతి గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ ‘వేసే’ అన్న క్రియ చూడండి. ఉరి వేస్తాం. వారు వేయం, వారుతో కడతాం, బిగిస్తాం.

ఓరుగల్లు పిల్లగాడు:
మీరిద్దరు వకారంలో మునిగిన్రు గానీ అసలు ‘ఠ’ను ఎవరూ పట్టించుకోలే. ఈ దేశంల పుట్టినప్పుడు అది ఠగ్. కంపెనీ అధికారి స్లీమన్ 1830లల్ల జబల్‌పూర్ కాడ కూసొని వాళ్లను వేటాడిండు. మా నిజాం కొలువుల పనిచేసిన మెడోస్ టేలర్ 1839ల దాని మీద నవల రాసిండు. దాంతోని ఆ మాట ఇంగ్లండుల ఇంటింటికీ ఎరుకైంది. ఆడికెళ్లి అమెరికాకు పోయింది. అటు తిరిగి మన పేపర్లకు వచ్చేసరికి ‘థగ్’. ఠ పోయి థ వచ్చింది. ఇంటి పిల్ల పరాయి ఇంట్ల పెరిగి వస్తే మనమే గుర్తుపట్టలే. ‘రౌడీ’ దీనికి ఎదురు ప్రయాణం జేసింది. అది అమెరికాల పుట్టిన మాట, ఇటొచ్చి మన పోలీస్ స్టేషన్ల ‘రౌడీషీట్’ అయి కూసుంది. గీ రెండు మాటలు ఒకదానికొకటి ఎదురుంగ సముద్రం దాటినయ్.

తెలుగు మాస్టారు:
ఠగ్గుకు మూలం సంస్కృతంలోని ‘స్థగ’ అంటారు, కప్పిపుచ్చడం అన్న అర్థంలో. మన ‘టక్కు’, ‘టక్కరి’ దానికి దాయాదులని నా అభిప్రాయం. టక్కుటమారాలు అన్నప్పుడు ఆ కప్పిపుచ్చడమే వినిపిస్తుంది. కాబట్టి పాతకాగితం గారూ, షెర్మన్ మీద వేసిన మాటను ‘టక్కరి’ అని రాయండి. వంశం కలుస్తుంది.

అచ్చుతప్పు:
క్షమించాలి మాస్టారూ. టక్కు అచ్చంగా మన మాటే అని నేను నమ్ముతాను. తమిళానికీ ఆ ఛాయ ఉంది. ‘ట’ ఉన్నంత మాత్రాన ‘ఠ’కు చుట్టం కాదు. పైగా టక్కరిలో తెలివి ఉంది. కథల్లో నక్కను టక్కరి అంటాం, దాన్ని చూసి లోలోపల మెచ్చుకుంటాం కూడా. థగ్‌లో ఆ మెప్పు లేదు. ఒట్టి ఒళ్లు, బలం, భయం. మనిషికి బుర్ర ఉన్న సంగతే మరిపించే మాట అది. స్టాన్‌ఫర్డ్ పట్టాను ఒక్క రాత్రిలో చెరిపేసింది అందుకే.

సియాటిల్ తెలుగమ్మాయి:
ఒళ్లు, బలం అన్నారు. బట్టలను కలపడం మరిచారు. 2004 నవంబరు 19న డెట్రాయిట్ దగ్గర ఆబర్న్ హిల్స్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకూ ప్రేక్షకులకూ కొట్లాట జరిగింది. స్టాండ్స్ నుంచి ఎవరో విసిరిన పానీయం గ్లాసు తన మీద పడితే రాన్ ఆర్టెస్ట్ అనే ఆటగాడు జనంలోకి దూకాడు. అతనికి 86 ఆటల నిషేధం. అది తప్పు, శిక్ష పడింది, అక్కడితో అయిపోవాలి. ఏడాది తిరక్కుండా 2005 అక్టోబరులో ఆ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్లకు బట్టల నియమం తెచ్చింది. చొక్కా పైకి కనిపించే గొలుసులు, లాకెట్లు, చేతుల్లేని చొక్కాలు కుదరవు. లోపల ఉన్నప్పుడు నల్లకళ్లద్దాలు వద్దు. గొలుసు ఎవరినైనా కొట్టిందా? హిప్-హాప్ కుర్రాళ్ల వేషాన్నే నేరం ఖాతాలో రాశారు. అలెన్ ఐవర్సన్ అనే ఆటగాడు అప్పుడే దానికి ఎదురు చెప్పాడు.

పాతకాగితం:
వ్యాసంలో నన్ను ఇబ్బంది పెడుతున్న రెండో మాట కూడా ఇక్కడే ఉంది, ‘డెవియన్స్’. నిఘంటువులు విచలనం, వికృత ప్రవర్తన అంటున్నాయి. విచలనం లెక్కల పుస్తకంలో మాట. వికృతం అంటే రాసేవాడే తీర్పు చెప్పేసినట్టు. ‘కట్టు తప్పడం’ అని పెట్టాను. కట్టుబాటులో ఉన్న కట్టే ఇది. ఆ మాట వాడితే పాఠకుడికి వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: ఆ కట్టు కట్టింది ఎవరు?

జిమ్ థోర్ప్ సంగతి తీసుకోండి. అమెరికా ఆదివాసీల్లో శాక్ అండ్ ఫాక్స్ తెగ మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకు మునుపు 1909, 1910 వేసవుల్లో నార్త్ కరొలైనాలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాక్కున్నారు. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది మారుపేర్లతో అలా ఆడేవారు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. ఫిర్యాదుకు 30 రోజుల గడువని ఆటల నిబంధనల్లోనే ఉంది, అదీ దాటిపోయింది. అతను 1953లో పోయాడు. పతకాలు తిరిగి ఇస్తామన్నది 1982లో, ఏకైక విజేత అని ఒప్పుకున్నది 2022లో. డబ్బుకు ఆడినవాడు ఒలింపిక్స్‌కు పనికిరాడన్నది డబ్బున్నవాళ్లు కట్టిన కట్టు. పేరు దాచుకున్నవాడు తప్పించుకున్నాడు, దాచుకోనివాడు కట్టు తప్పినవాడయ్యాడు. ఈ పేజీ తెలుగు చేస్తున్నప్పుడు చాలాసేపు కలం కదల్లేదు.

కపిలతోట:
కట్టు తప్పడం బాగుంది సార్, మార్చొద్దు. మా వైపు ఎద్దు కట్టు తెంచుకుంది అంటాం. ఆ వాసన కూడా తగులుతుంది.

తెలుగు మాస్టారు:
మన దగ్గరా ఇలా చేసినపని పేరు పుట్టుక మీదికి ఎక్కింది. ఠగ్గుల వేటతో మొదలైన ఆలోచనే 1871లో నేరస్థ జాతుల చట్టమైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవారిని స్టువర్టుపురంలో పెట్టి హాజరు వేయించారు. పుట్టిన బిడ్డ కూడా దొంగ కిందే లెక్క. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గాని ఆ చట్టం దేశమంతటా పోలేదు, మాట ఇంకా పోలేదు. అందుకే నాకు గురజాడ గుర్తొస్తాడు.

‘మంచి చెడ్డలు మనుజులందున
ఎంచి చూడగ రెండె కులములు,
మంచి యన్నది మాల అయితే
మాల నేనగుదున్.’

అచ్చుతప్పు:
మాస్టారూ, ‘మాల యైతే’. నేను చిన్నప్పుడు చదువుకున్నది అదే.

తెలుగు మాస్టారు:
నేను నలభై ఏళ్లు పాఠం చెప్పింది ‘మాల అయితే’. వాడుక భాష కోసం పోరాడిన మనిషి మధ్యలో ‘య’ చేర్చే యడాగమం కోసం ఆగుతాడా?

అచ్చుతప్పు:
‘మంచి యన్నది’ దగ్గర ఆగాడు కదండీ, అదే పాదంలో.

ఓరుగల్లు పిల్లగాడు:
ఛందస్సుతోని తేల్చుకోన్రి. ముత్యాలసరం, మూడు-నాలుగు నడక. మాల మూడు మాత్రలు. అయితే: ఒకటి, ఒకటి, రెండు, మొత్తం నాలుగు. యైతే: రెండు, రెండు, అదీ నాలుగే. ఛందస్సు ఇద్దరికీ సాక్ష్యం చెప్తది!

తెలుగు మాస్టారు:
అయితే చెవిని అడగాలి. ‘అయితే’లో ఒక చిన్న ఆగుడు ఉంది. మాల అన్న తర్వాత ఊపిరి తీసుకుని, అయితే ఏమిటి, నేనూ అదే అవుతాను అంటాడు. ‘యైతే’ అంటే ఆ ఊపిరి పోతుంది. ఆ ఒక్క ఊపిరిలోనే గురజాడ ఉన్నాడు. వదులుకోలేను.

అచ్చుతప్పు:
నాకు ‘యైతే’లో నిబ్బరం వినిపిస్తుంది మాస్టారూ. ఆగకుండా అనేస్తాడు, సందేహం లేనివాడిలా.

సియాటిల్ తెలుగమ్మాయి:
ఒక్క మాట చెప్పి మీ ఇద్దరినీ గురజాడకు వదిలేస్తాను. ‘ఎన్‌ఫోర్సర్’ అన్న మంచి మాట తెల్లవాళ్లకు మేలే చేసిందని పైన నా రాత చదివినవాళ్లు అనుకోవచ్చు. డెరెక్ బూగార్డ్ హాకీలో పేరు మోసిన ఎన్‌ఫోర్సర్, 2011లో 28 ఏళ్లకే పోయాడు. దెబ్బలు తిని తిని మెదడు పాడైందని ఆ తర్వాత తేలింది. ఒకరికి పరువు తీసే మాట, ఇంకొకరికి ప్రాణం మీదికి తెచ్చే మెప్పు. పాతకాగితం గారూ, నన్నడిగితే థగ్‌ను థగ్‌గానే ఉంచండి, కానీ మొదటిసారి వచ్చినచోట అది మన నేల నుంచే వెళ్లిందని ఒక్క వాక్యం రాయండి.

పాతకాగితం:
అలాగే అమ్మా. అయితే ‘ఠగ్’ అని ఠతో రాస్తాను. చదివేవాడు తడబడాలి, తడబడి ఆగాలి. ఆ వాక్యం పక్కనే తెలుగువాళ్లు పెట్టిన పేరు కూడా ఉండాలని ఉంది. కాబట్టి మళ్లీ అడుగుతున్నాను: వార్లా, ఉర్లా?

కపిలతోట:
పొద్దున మా పెదనాయనకు ఫోన్ చేసినా సార్. ఎనభై దాటినాడు, చిన్నప్పుడు కుందేళ్లకు ఉచ్చులు పెట్టినవాడు. వాటిని ఏమంటారు పెదనాయనా అని అడిగితే చెప్పినాడు. మొదట్లో ‘ఉ’ ఉందో ‘వు’ ఉందో తెలీక మూడుసార్లు చెప్పించుకున్నా. మూడోసారికి ‘ఎన్నిసార్లు చెప్పాల్రా’ అని కసురుకున్నాడు. నా చెవికి మాత్రం రెండూ వినిపించినాయి.