కొరియా ‘అప్పా’ మన దగ్గర్నుంచి వెళ్ళిందేనా?

సీమబిడ్డ: కొరియన్ సీరియల్స్‌లో నాన్నను అప్పా, అమ్మను ఓమ్మా అంటున్నారు. తమిళ, కన్నడ ఇళ్ళల్లోనూ అప్పా, అమ్మానే. మనకూ వెంకటప్పలు, తిమ్మప్పలు ఉన్నారు. హల్బర్ట్ అనే ఆయన 1905లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చాడు. ఇంత కలిశాక చుట్టరికం లేదంటే ఎలా?

పాతచింతకాయ: పోల్చాడు గానీ నిలబడలేదండీ. పసివాళ్ళ నోటికి ముందు పలికేవి మ, ప, బ శబ్దాలే. అమ్మానాన్నలు అవి తమకే అనుకుని మురిసిపోతారు. 1960లో యాకబ్సన్ అనే భాషావేత్త రాసింది ఇదే. జార్జియా దేశంలో మామ అంటే నాన్న, దేదా అంటే అమ్మ. మన మేనమామ అక్కణ్ణుంచి దిగాడా?

కాఫీరాజు: ఉజ్బెక్‌లో అక అంటే అన్నయ్య, టర్కీలో అన్నె అంటే అమ్మ. రాఖీ ఎవరికి కట్టాలో తేల్చండి.

సీమబిడ్డ: జోకులు సరే. చెవిని కన్నడంలో కివి అంటారు, కొరియాలో గ్వీ. ఇది పసిపిల్లల మాట కాదుగా?

పాతచింతకాయ: ఒక్క చెవి పట్టుకుని వేలాడితే ఎలా? కన్ను అక్కడ నూన్, చేయి సోన్. అదే కన్నడం చూడండి: కివి మనకు చెవి, కెరె చెరువు, కెడు చెడు. మార్పు ఒక వరసలో జరిగింది. చుట్టరికమంటే అదీ. ఒక్కో మాట ఊరికే కలవడం ఎక్కడైనా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఎంబాబరం భాషవాళ్ళు కుక్కను డాగ్ అనేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, ‘గుడగ’ అన్న పాతమాట అరిగి అలా మిగిలింది.

సీమబిడ్డ: గ్వీ సంగతి దాటేశారు.

నాగావళి: అప్ప అంటే నాన్నేనని అందరూ తీర్మానించేశారా? శ్రీకాకుళంలో మాకు అప్ప అంటే అక్క. హైదరాబాద్ హాస్టల్లో “మా అప్పకి పెళ్ళి” అన్నానని, మీ నాన్నకి ఎన్నో పెళ్ళి అంటూ ఏడాదంతా ఏడిపించారు. అప్పచెల్లెళ్ళు అన్న మాట పుస్తకాల్లో లేదా?

సీమబిడ్డ: అది యాసండీ. ఇక్కడ మాట్లాడేది భాష గురించి.

నాగావళి: కొరియావాడు అంటే చరిత్ర, మేమంటే యాస! సియోల్ దాకా చుట్టరికం కలుపుతారు, పలాస దాకా రాలేరు.

పాతచింతకాయ: మాటకు ఒకటే పుట్టుక అనుకుంటేనే ఈ గొడవంతా. అన్నంలో అన్న సంస్కృతం, అన్నయ్యలో అన్న మనది, ‘నువ్వు అన్న మాట’లో అన్న అను ధాతువుది.

సీమబిడ్డ: మా సీమ మాటకు నవ్వేవాళ్ళు లేరా? తెలుగు అంతదూరం వెళ్ళిందని ఒప్పుకుంటే మీ సొమ్మేం పోయింది?

పాతచింతకాయ: మన భాష గొప్పదనడానికి కొరియా సర్టిఫికెట్ ఎందుకని!

కాఫీరాజు: ఇంతకీ పలాసలో నాన్నను ఏమంటారు?

నాగావళి: నాన్న అనే. తర్వాత జీడిపప్పు రేటు అడుగుతారు కదా, అదీ చెప్పేయనా?