రోజుకు మూడు 650లు: తప్పా, ఒప్పా?

పెన్నా_గట్టు: చీమకుర్తి క్వారీల్లో, రొయ్యల చెరువుల కాడ పనిచేసేవాళ్ళు ఒళ్ళునొప్పులకని రోజూ మూడు పారాసిటమాల్ 650లు మింగుతున్నారు. 650 ఎందుకు? 500 చాలదా?

మందుల_కౌంటర్: మూడు 650లంటే 1950 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4000 దాటకూడదు. బిళ్ళకీ బిళ్ళకీ కనీసం నాలుగు గంటలు, ఆరైతే మేలు. తప్పెక్కడుంది?

పెన్నా_గట్టు: 50 కిలోల లోపు మనిషికి, రోజూ తాగేవాడికి ఆ 4000 వర్తించదు. 2000 దగ్గరే ఆగడం మంచిది. 1950 అంటే అంచు మీదున్నట్టే. 500 అయితే 1500తో పోతుంది.

మందుల_కౌంటర్: ప్రమాదం లెక్కలోకి రాని పారాసిటమాల్‌తోనండీ. చాలా జలుబు బిళ్ళల్లో అదే. ఎసిక్లోఫెనాక్ కలిపిన నొప్పుల బిళ్ళలో 325 ఉంటుంది. మూడూ వేరే మందులనుకుని ఒకే రోజు వేస్తారు. పారాసిటమాల్ వల్ల కాలేయంలో పుట్టే విషాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం అణుస్తుంది. మోతాదు మించితే అది అయిపోతుంది. తిండి సరిగా లేనివాడికి ఇంకా తొందరగా. మొదటి రోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు, కామెర్లు రెండు మూడు రోజులకు. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. ఎక్కువ మింగాడని తెలిస్తే ‘బాగానే ఉన్నాడు కదా’ అని కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి.

సోమశిల_నీళ్ళు: పిల్లల సిరప్ కూడా చూడండబ్బా. 12 కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములనుకుంటే, 125 సిరప్ (5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములు) 6 మి.లీ., 250 సిరప్ (5 మి.లీ.లో 250) 3 మి.లీ., 1 మి.లీ.లో 100 ఉండే చుక్కల మందు 1.5 మి.లీ. సీసా మారితే మోతాదు మారిపోతుంది.

కనిగిరి_బావి: మీరంతా కాలేయం కాడే ఉన్నారు. మా నీళ్ళలో ఫ్లోరైడ్, ఇంటింటా కీళ్ళనొప్పులు. నెలల తరబడి మింగేది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. మూత్రపిండాలకు రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను అవి ఆపేస్తాయి. ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగనివాడికి దెబ్బ ఇంకా ఎక్కువ. డెంగీలో వేస్తే రక్తస్రావం భయం. జనానికి అన్నీ ‘నొప్పి బిళ్ళే’.

పెన్నా_గట్టు: అందుకే 500 అంటున్నా.

కనిగిరి_బావి: 500 గొడవ ఆపన్నా! కౌంటరన్నా, మీరు చెప్పండి. స్ట్రిప్పులోంచి రెండు బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగాడో తెలియనివాడు మీ 4000 లెక్క ఎట్లా కడతాడు?

మందుల_కౌంటర్: కూలీ రెండే అడుగుతాడు. పది కొనమంటే పక్క షాపుకు పోతాడు.

కనిగిరి_బావి: పది కొనమనలేదు. కవరు మీద పేరు, మిల్లీగ్రాములు, గడువు రాసివ్వండి.

మందుల_కౌంటర్: రాస్తా. చీటీ లేకుండా డైక్లోఫెనాక్ ఇవ్వొద్దంటే మాత్రం ఒప్పుకోను. తెల్లారితే వాడు పనికెక్కాలి, డాక్టరు దగ్గరికెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

కనిగిరి_బావి: అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ మీదే ఇవ్వాలి. ఒక రోజు కూలికి బదులు వాడి కిడ్నీని పణంగా పెట్టే హక్కు మీకెవరిచ్చారు?

మందుల_కౌంటర్: నేను పెట్టలేదు. వాడే అడిగాడు.

కనిగిరి_బావి: పేరు కూడా తెలియని మందుని అడిగాడా?