ఐటీఐల్లో రోబోలు సరే, వెల్డింగ్ రాడ్లు ఎవరు కొంటారు?

ఆన్‌లైన్ ఫోరం చర్చాంశం: ప్రభుత్వ ఐటీఐలను పెద్ద కంపెనీతో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా (ఏటీసీ) మార్చడం సరైన దారేనా?

బాలానగర్ జాబ్‌వర్క్

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను ఏటీసీలుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. మొత్తం 2,324 కోట్ల ప్రాజెక్టు, టాటా టెక్నాలజీస్‌తో పదేళ్ల ఒప్పందం. ఖర్చులో ఎక్కువ భాగం, సుమారు 2,016 కోట్లు, కంపెనీ వైపు నుంచి. మిగతాది రాష్ట్రానిది. కర్ణాటక అంతకుముందే 150 ఐటీఐల్లో, తమిళనాడు 71 ఐటీఐల్లో ఇదే కంపెనీతో ఇలాంటి పనే చేశాయి. కాబట్టి ఇదేదో మన ఒక్కరి ప్రయోగం కాదు, దేశమంతా ఇటే నడుస్తోంది.

నేను మెషీన్లకు వ్యతిరేకిని కాను. నాది బాలానగర్‌లో చిన్న షెడ్డు, కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక వీఎంసీ మిల్లింగ్ మెషీన్ ఉన్నాయి. నా అభ్యంతరమంతా ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీదే.

మా దగ్గరికి పని కోసం వచ్చే కుర్రాళ్లలో చాలామందికి సీఎన్‌సీ సర్టిఫికెట్ ఉంటుంది. డ్రాయింగ్ ఇచ్చి, 25 మిల్లీమీటర్ల షాఫ్టు, ప్లస్ ఆర్ మైనస్ 0.02 టాలరెన్స్, కొలిచి చెప్పమంటే మైక్రోమీటర్‌ను సి-క్లాంప్ బిగించినట్టు బిగిస్తారు. ఎక్కువ బిగించకుండా ఆపే ర్యాచెట్ ఎందుకుందో తెలియదు. జాబ్ 25.04 వచ్చింది, మెషీన్‌లో కొలత సరిదిద్దే ఆఫ్‌సెట్‌లో ఎంత కొట్టాలి అంటే బిక్కమొహం. మైనస్ 0.04 అని చెప్పాలంటే ముందు కొలత నమ్మకంగా తీయడం రావాలి కదా. అది రోబో చేయి పక్కన నిలబడితే రాదు. ఫిట్టర్ ట్రేడ్‌లో నెలల తరబడి ఫైలింగ్ చేయించి, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురులో చూపించి, మళ్లీ రుద్దించే మాస్టారు ఉంటే వస్తుంది. ఆ మాస్టార్లు తగ్గిపోయారు. ముందు వాళ్లను నింపండి, తర్వాత రోబోలు తెండి అంటున్నాను.

ఆటోమేషన్ తమ్ముడు

అన్నా, మీ మాట మీ షెడ్డు వరకూ కరెక్ట్. కానీ ఐటీఐలు నడిచేది షెడ్ల కోసం మాత్రమే కాదు. నేను ఫ్యాక్టరీ మెషీన్లను నడిపే పీఎల్‌సీ ప్యానెల్స్ చేసే కంపెనీలో సైట్ ఇంజనీర్‌ని. ఫార్మా యూనిట్‌కి వెళ్తే అక్కడి మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌కి స్టార్ డెల్టా స్టార్టర్ నిద్రలో లేపి అడిగినా వచ్చు, మోటార్ వేగం మార్చే వీఎఫ్‌డీలో పారామీటర్ మార్చమంటే మాత్రం మాకు ఫోన్ చేస్తాడు. లైన్ ఆగి ఉంటుంది, మేనేజర్ తల మీద కూర్చుని ఉంటాడు, వీడికి టెన్షన్. వాడి తప్పేముంది? చదివినప్పుడు వాడికి ఆ డబ్బా చూపించినవాడే లేడు.

ఐటీఐలు నడిచే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. మా నాన్న ఏ బ్రాండ్ లేత్ మీద టర్నింగ్ నేర్చుకున్నాడో, కొన్ని చోట్ల ఇప్పటికీ అదే మెషీన్, అదే మూల. బేసిక్స్ అన్నీ బాగయ్యాకే కొత్తవి తెద్దాం అంటే ఎప్పటికీ తేలేం. ఇంకో సంగతి. పదో తరగతి పాసైన పిల్లాడు ఐటీఐ గేటు లోపల తుప్పు పట్టిన షెడ్డు చూసి పాలిటెక్నిక్‌కో, ఇంటర్‌కో పోతాడు. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ అన్న బోర్డు చూస్తే కనీసం లోపలికొచ్చి అడుగుతాడు. దీన్ని చిన్న విషయంగా తీసెయ్యకండి.

కాంట్రాక్ట్ ఇన్‌స్ట్రక్టర్

వెల్డర్ ట్రేడ్ చెప్తాను. ఊరు, జిల్లా రాయను.

మా బ్యాచ్‌కి 20 మంది. ఏడాది కోర్సు. వెల్డింగ్ అనేది చేతికి రావాల్సిన పని, చెయ్యి తిరగాలంటే రాడ్లు కాలాలి. ఒక్కో పిల్లాడు రోజుకు ఎన్ని రాడ్లు కాలిస్తే అంత పని వస్తుంది, ఇందులో వేరే రహస్యం లేదు. మెటీరియల్ డబ్బు ఆలస్యంగా వస్తుంది, వచ్చినప్పుడు చాలదు. అప్పుడు ఏం చేస్తామంటే, ఒక పిల్లాడు బీడ్ (వెల్డు గీత) వేస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. ప్లేటు ఒకవైపు అయిపోతే తిప్పి వెనక వేయిస్తాం, అది కూడా నిండితే గ్రైండింగ్ పట్టి మళ్లీ వేయిస్తాం. ఆర్గాన్ సిలిండర్ ఖాళీ అయితే, ఆ గ్యాస్‌తో వెల్డింగ్ చేసే టిగ్ మెషీన్ కవర్ కప్పుకుని కూర్చుంటుంది. మెషీన్ కొత్తదే. దాన్ని కొన్న ఫైలు వేరు, గ్యాస్ కొనాల్సిన ఫైలు వేరు.

కాబట్టి ఏటీసీ వచ్చినా, ఇంకోటి వచ్చినా నేను అడిగేది ఒకటే. పదేళ్ల ఒప్పందంలో మెషీన్‌తో పాటు అది తినే మెటీరియల్‌కి ఏటా ఎంత రాశారు? ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

జీతం సంగతి అడగొద్దు. రెన్యువల్ ఆర్డర్ కోసం ప్రతి ఏడాదీ ఎదురుచూసే మనిషిని కొత్త టెక్నాలజీ నేర్చుకో అంటే నేర్చుకుంటాడు, నేర్చుకున్నాక ప్రైవేట్ కంపెనీకి వెళ్లిపోతాడు. నాతో పాటు ట్రైనింగ్‌కి వచ్చిన ఇద్దరూ అలాగే వెళ్లిపోయారు.

జగిత్యాల టు జుబైల్

వెల్డర్ సార్ రాసింది చదివి ఆగలేక రాస్తున్న. నేను పైపు వెల్డర్‌ను, సౌదీలో ఉంటున్న. ఇక్కడికి రావాలంటే ట్రేడ్ టెస్ట్ ఉంటది. 6జీ పొజిషన్, అంటే పైపును 45 డిగ్రీల వాలుగా కదలకుండా బిగిస్తారు, మనమే దాని చుట్టూ తిరగాలె. రూట్, అంటే అడుగు పొర, టిగ్‌తో, మీద ఫిల్లింగ్ రాడ్డు కాల్చే ఆర్క్‌తో. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. 7018 అనే రకం రాడ్డును ఓవెన్ల సరిగ్గా వేడి చేసి వాడకుంటే తేమ పట్టి లోపల గాలి బుడగలు వస్తయి, పైకి ముత్యంలా కనిపించిన వెల్డు కూడా ఎక్స్‌రేల ఫెయిలైతది.

నేను చదివిన ఐటీఐల 7018 పేరు నోట్స్‌లనే రాసుకున్న. చేతితో పట్టింది బయట ట్రైనింగ్ సెంటర్ల, అప్పు చేసి ఫీజు కట్టి. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎంతమంది ఇట్ల వెళ్తరో మీకు తెలుసు. ఇదీ లేబర్ మార్కెటే కదా? రోబో కోర్సు పెట్టండి, వద్దనను. నా ఊరి పిల్లలకు ఒక రాడ్ ఓవెన్, పైపు ముక్కలు, ఎక్స్‌రే తీయించే ఏర్పాటు పెట్టండి. సర్టిఫికెట్ మీద 6జీ పాస్ అని ఉంటే ఏజెంటు దగ్గర సగం బేరం తగ్గుతది.

ఆటోమేషన్ తమ్ముడు

అన్నా, దీన్ని కొట్టిపారేయలేను. కానీ చూడండి, మీరు అడుగుతున్నది కూడా ఆధునికీకరణే. ఓవెన్, టిగ్, ఎక్స్‌రే, ఇవన్నీ కొత్త మెషీన్లే.

బాలానగర్ జాబ్‌వర్క్

అదే తమ్ముడూ నేను చెప్పేది. ఏ మెషీన్ కావాలో జగిత్యాలలో ఒకలా ఉంటుంది, పటాన్‌చెరులో ఒకలా ఉంటుంది. 65 చోట్లకీ కోర్సుల జాబితా పైనుంచి దిగితే ఆ తేడా ఎవరు చూస్తారు?

డబ్బు సంగతి కూడా అడగాలి. కంపెనీ వాటా 2,016 కోట్లు అంటున్నారు. అందులో ఇనుము ఎంత, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల లెక్క ఎంత? లైసెన్సుకు ధర వేసేది అమ్మేవాడే. పదేళ్లయ్యాక లైసెన్స్ రెన్యువల్ ఎవరి జేబులోంచి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు జీవోతో పాటే జనం ముందు పెట్టాలి.

మోడరేటర్

ఏ పార్టీ హయాంలో ఏం జరిగింది, ఎవరి మీద ఏ కేసు ఉంది అన్న పోస్టులు తీసేశాం. కోర్టుల్లో ఉన్నవాటిని కోర్టులకు వదిలేయండి. ఐటీఐల గురించి రాయండి.

పెనుకొండ రోడ్

ఆంధ్రా వైపు నుంచి ఒక మాట. మా ప్రాంతంలో కియా ప్లాంట్ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. నేను వాటిలో ఒకదానికి మనుషుల్ని పంపే కాంట్రాక్టర్ దగ్గర పనిచేశాను. లోపలి సంగతి చెప్పాలంటే, లైన్ మీద పనికి కంపెనీ తనే కొద్ది రోజుల్లో నేర్పించుకుంటుంది. ఐటీఐ కుర్రాడిలో చూసేది రెండేళ్లు క్రమం తప్పకుండా వెళ్లాడా, షిఫ్టుకు టైముకు వస్తాడా, సేఫ్టీ అంటే తెలుసా అని. నిజంగా దొరకనిది మెయింటెనెన్స్ మనిషి. హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్, సెన్సర్లు, మూడూ కలిపి చూడగలిగేవాడికి జీతం కూడా బాగానే ఇస్తారు. ఆ విషయంలో ఆటోమేషన్ అబ్బాయితో ఏకీభవిస్తాను.

కానీ కంపెనీలు ఐటీఐలను నడపాలి అనే మాట పాతదే. 2007-08లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలకు పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పేరుతో ఒక్కోదానికి 2.5 కోట్ల వరకు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. స్థానిక పరిశ్రమ నుంచి ఒకరిని ఛైర్మన్‌గా పెట్టి మేనేజ్‌మెంట్ కమిటీలు వేశారు. పదేళ్లు కట్టక్కర్లేదు, తర్వాత ఇరవై ఏళ్లలో కట్టాలి. నేను చూసిన చోట ఛైర్మన్ గారు ఫోటోలో తప్ప వర్క్‌షాప్‌లో కనిపించలేదు. ప్రిన్సిపాల్‌కేమో అప్పు తీర్చాలన్న భయం, అందుకని ఖర్చు పెట్టడానికే వెనకాడేవాడు. అన్ని చోట్లా ఇలాగే అయిందని అనను. కానీ కొత్త స్కీమ్ రాసేవాళ్లు ఆ పాత ఫైళ్లు ఒకసారి తిరగేశారా అని నా అనుమానం.

ఇంట్లో టెన్త్ పాప

మా అమ్మాయి ఈ ఏడాది పది పాసైంది. ఐటీఐలో చేర్పిద్దామని కొత్త కోర్సుల పేర్లు చూశాం. 'ఆర్టిజన్ యూజింగ్ అడ్వాన్స్‌డ్ టూల్స్' అని ఒకటుంది. చేరాక ఏం పని చేస్తారో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. మా ఇంటాయనకు ఉన్న భయం వేరే. రైల్వేలో, సింగరేణిలో నోటిఫికేషన్ పడితే ట్రేడ్ పేరు చూస్తారు కదా, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అని. ఈ కొత్త పేర్లు వాటిలో ఉంటాయా? లేకపోతే పాప ఎలక్ట్రీషియన్‌లో చేరడమే మంచిదా? ఇంకొకటి, హాస్టల్ లేదు. మా ఊరి నుంచి సాయంత్రం ఆఖరి బస్సు అయిదున్నరకే.

కాంట్రాక్ట్ ఇన్‌స్ట్రక్టర్

అమ్మా, సర్కారు ఉద్యోగం మీద ఆశ ఉంటే ఎలక్ట్రీషియనే చేర్పించండి. రెండేళ్ల కోర్సు, ఆ పేరు అన్ని నోటిఫికేషన్లకూ తెలిసిన పేరు. ఆ తర్వాత ఏటీసీలో షార్ట్ టర్మ్ కోర్సు ఏదైనా చేసుకోవచ్చు. ప్రైవేటుకు వెళ్తాననుకుంటే సీఎన్‌సీ మెషినింగ్ కూడా మంచిదే. 'ఆర్టిజన్' అంటే 3డీ ప్రింటింగ్, లేజర్ కట్టింగ్ లాంటి పరికరాలతో వస్తువులు చేయడం. చేర్చే ముందు ఒకరోజు వెళ్లి వర్క్‌షాప్ చూపించమని అడగండి. ఆ కోర్సు మెషీన్ ఆన్ చేసి చూపించగలిగితే సగం నమ్మొచ్చు.

హాస్టల్, బస్సు గురించి మీరు అడిగినట్టు పైవాళ్లు ఎవరూ అడగరు. నా క్లాసులో అమ్మాయిలు మానేసేది వెల్డింగ్ కష్టమని కాదు, బస్సు వల్లే.

బాలానగర్ జాబ్‌వర్క్

అక్క అడిగిన ప్రశ్న ఈ థ్రెడ్ మొత్తానికీ గట్టిది. కోర్సు పెట్టేది ఒక శాఖ, ఉద్యోగానికి ట్రేడ్ పేర్లు రాసేది ఇంకో శాఖ. కొత్త కోర్సు మొదలయ్యే రోజుకే రాష్ట్రం తన చేతిలో ఉన్న ఆర్టీసీ, విద్యుత్ సంస్థలు, సింగరేణి నోటిఫికేషన్లలో ఆ పేర్లు చేర్పించొచ్చు. దీనికి కోట్లు అక్కర్లేదు, నాలుగు ఉత్తరాలు చాలు.

ఐటీఐలను బాగుచేయడానికి కేంద్రం 2025లో ఆమోదించిన 60,000 కోట్ల స్కీమ్‌లో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. వెయ్యి ఐటీఐల్లో 200 హబ్‌లు, 800 స్పోక్‌లు. ఖరీదైన మెషీన్ హబ్‌లో ఉంటుంది, పిల్లలు విడతల వారీగా వచ్చి నేర్చుకుంటారు. స్పోక్‌లైన చుట్టుపక్కల ఐటీఐల్లో బేసిక్ వర్క్‌షాప్ బలంగా ఉండాలి. అందులోనే 50,000 మంది ట్రైనర్లకు శిక్షణ అని రాశారు, అందుకు బలపరిచే అయిదు ఎన్‌ఎస్‌టీఐల్లో (ట్రైనర్లకు నేర్పే కేంద్ర సంస్థలు) హైదరాబాద్‌ది కూడా ఉంది. మన ఏటీసీలను దీనికి జోడిస్తే నేను నోరు మూసుకుంటా.

ఆటోమేషన్ తమ్ముడు

హబ్ పద్ధతికి నేనూ సరే. అయితే హబ్ ఉన్న ఊళ్లో హాస్టల్ కూడా కట్టాలి, లేకపోతే ఆ అక్క వాళ్ల పాపకు హబ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కానీ అన్నా, మీలాంటి వాళ్లను ఒకటి అడగాలి. అందరం ఐటీఐని తిడతాం. కంపెనీలోనే స్టైపెండ్ మీద పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ సంగతేంటి? 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టం. వీఎఫ్‌డీ, మైక్రోమీటర్, అన్నీ అక్కడ ఏడాదిలో వచ్చేస్తాయి. ఎవరు పెట్టుకుంటున్నారు?

బాలానగర్ జాబ్‌వర్క్

నా దగ్గర తొమ్మిది మంది. నాకు చట్టం తప్పనిసరి కాదు. నలుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇష్టమైతే పెట్టుకోవచ్చు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 వరకు కేంద్రం ఇస్తుందని తెలుసు. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కి కూర్చుంటే నా జీఎస్‌టీ రిటర్న్ కన్నా ఎక్కువ తలనొప్పి. అయినా ఇద్దరిని తీసుకోవడానికి రెడీ. మీ కంపెనీలో ఎంతమంది?

ఆటోమేషన్ తమ్ముడు

హెచ్‌ఆర్‌ని అడిగి రాస్తాను.

కాంట్రాక్ట్ ఇన్‌స్ట్రక్టర్

బాలానగర్ సార్, మా దగ్గర టర్నర్ పాసైన పిల్లలు ఉన్నారు, చెయ్యి మంచిది. అయితే 2019 రూల్స్‌లో ఐటీఐ వాడికి కనీస స్టైపెండ్ 7,000 అని పెట్టారు. అంత ఇస్తే సిటీలో రూము అద్దె, తిండి కలిపి నెల గడవదు. ఇంటి నుంచి పంపించే స్తోమత ఉన్నవాడు అసలు ఐటీఐకి రాడు. షెడ్డులోనే పడుకోవడానికి చోటు, మధ్యాహ్నం భోజనం చూస్తానంటే వాళ్ల నాన్నలతో మాట్లాడతాను.